తలుపు లేని ఇంటికి అంటించిన సమన్లు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "తలుపులు కొట్టడం" అని చెప్పేవాణ్ణి. నవ్వేవాళ్లు. నేను మాత్రం నిజమే చెప్పాను. ముప్పై ఏళ్లకు పైగా కోర్టులో ప్రాసెస్ సర్వర్‌గా పనిచేశాను. నీ మీద దావా పడింది, ఫలానా రోజు కోర్టుకు రా అని రాసిన సమన్లు పట్టుకెళ్లి మనిషి చేతిలో పెట్టి, సంతకం చేయించుకుని రావడం నా పని. ఊళ్లలో మమ్మల్ని అమీనా అనేవాళ్లు. కొందరు కోర్టు బంట్రోతు అనేవాళ్లు. నన్ను చూడగానే పెరటి దారిన ఉడాయించినవాళ్లు ఏమనేవాళ్లో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.

మొన్న మా మనవరాలు పుస్తకం పట్టుకుని వచ్చింది. ఏలూరులో లా మొదటి సంవత్సరం చదువుతోంది. "తాతయ్యా, రూల్ ఆఫ్ లా అంటే ఏంటి? తెలుగులో సమన్యాయ పాలన అని ఉంది. పరీక్షకి నాలుగు పాయింట్లు చెప్పు, చాలు" అంది. నాలుగు పాయింట్లట! నా మొహం, నాకు తెలిసింది ఒక్క పాయింటు. అదీ నలుగురిలో పరువు పోగొట్టుకుని నేర్చుకున్నది. చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా దానికి ఫోనొచ్చింది, వెళ్లిపోయింది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కొత్తగా కోర్టుల్లో చేరుతున్న పిల్లలెవరైనా చదివితే సంతోషం, చదవకపోతే నా చేతి తీట తీరింది అనుకుంటాను.

ఏ కోర్టో చెప్పను. ఏలూరు చుట్టుపక్కల అనుకోండి, చాలు. ఎవరి పేర్లూ చెప్పను. తప్పు నాది కాబట్టి నా సంగతి మాత్రం దాచను.

మా నాన్నగారు నల్లజర్లలో పౌరోహిత్యం చేసేవారు. మంత్రాలు నా నోట నిలవవని తేలిపోయాక, "కనీసం ప్రభుత్వం వారి కాగితాలైనా మోసుకు తిరుగు" అని నన్ను కోర్టు ఉద్యోగానికి పంపారు. చేరిన కొత్తలో నేను చాలా నిక్కచ్చి మనిషిని. ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వెళ్లేవాణ్ణి. మనిషి లేకపోతే మళ్లీ వెళ్లేవాణ్ణి. ఎన్నిసార్లు వెళ్లినా దొరక్కపోతే, ఇల్లు చూపించిన మనిషి ఎదురుగా సమన్ల కాపీ తలుపుకి అంటించి, ఆ సంగతి వెనక రాసి, అతని పేరూ సంతకం తీసుకోవాలి. అది రూలు. శుభకార్యానికి బొట్టు పెట్టి పిలవడం లేదూ? కోర్టు వారు పిలిచే పిలుపు కూడా అలాంటిదే. గుమ్మంలోకి వెళ్లి పిలిస్తేనే పిలిచినట్టు.

పదేళ్లు గడిచేసరికి మా అందరికీ ఒక మహత్తరమైన విద్య అబ్బింది. దాని పేరు టీకొట్టు సర్వీసు. ఊరి మొదట్లో టీకొట్టు దగ్గర దిగడం, దావా వేసినవాళ్ల తాలూకు మనిషిని ఇల్లు చూపించే సాక్షిగా కూర్చోబెట్టుకోవడం, టీ తాగుతూ కాగితం వెనక "ఆసామీ ఇంట లేరు, తలుపు తాళం వేసి ఉంది, తలుపుకి అంటించడమైనది" అని రాసేయడం, తిరుగు బస్సెక్కడం. ఈ వాక్యం చేతికి ఎంత అలవాటైపోయిందంటే, కలంలో సిరా ఉంటే చాలు, అదే రాసుకుపోయేది. అందరూ అలా చేశారని నేననను. కానీ మా గదిలో ఎవరైనా పూర్తిగా ఊళ్లోకి వెళ్లొచ్చి చెమటలు తుడుచుకుంటుంటే "ఏవయ్యా, టీకొట్టు మూసేశారా?" అని మిగతావాళ్లు వేళాకోళం చేసేవారు.

ఈ కథ మొదలైన రోజు నా చేతిలో ఉన్న సమన్లు కొల్లేటి లంకలో ఒక ఆవిడవి. పెదపాడు దాటి, గట్టు వెంబడి వెళ్లి, అక్కడి నుంచి దోనె మీద లంకకి చేరాలి. భర్త పోయిన మనిషి. చిన్న చెరువు, దాని పక్కన మెరక మీద ఇల్లు, అంతే ఆవిడ ఆస్తి. తాడేపల్లిగూడెంలో ఉంటూ ఇక్కడ చేపల చెరువులు చేయించే ఒకాయన ఆవిడ మీద దావా వేశాడు. మొగుడు బతికుండగా తనకి అమ్మడానికి అగ్రిమెంటు రాశాడనీ, కనుక రిజిస్ట్రేషన్ చేయించి స్వాధీనం ఇప్పించాలనీ దావా.

గట్టు మీద టీకొట్టు దగ్గర ఆ గూడెం ఆసామీ గుమాస్తా నాకోసం ఎదురుచూస్తున్నాడు. "రండి రండి, ఎండన పడి వచ్చారు. ఆవిడ లేదండీ, చేపలు పట్టుకుని బజారుకెళ్లింది. దోనె కూడా అవతలి ఒడ్డునుంది. నీళ్లు తగ్గి ఒడ్డంతా బురద. మోకాలు లోతు దిగిపోతారు" అన్నాడు.

నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. ముందు రోజే ఏలూరులో కొన్న కొత్త తోలు చెప్పులు. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా చెప్పుకోవాలని ఇన్నేళ్లూ వెతికాను. లేదు. లంచం తీసుకోలేదు, ఎవరూ బెదిరించలేదు, జ్వరం కూడా లేదు. కొత్త చెప్పులు, అంతే. కాగితం వెనక్కి తిప్పి, అలవాటైన వాక్యం రాసేసి, గుమాస్తా చేత సంతకం పెట్టించి, అతని మోటారు సైకిల్ వెనక ఎక్కి బస్సు దగ్గర దిగాను. అంటించాల్సిన కాపీని దారిలో చింపి కాలవలో పారేశాను.

వాయిదా రోజున ఆవిడ రాలేదు. ఎలా వస్తుంది? ఆవిడకి తెలిస్తే కదా. సమన్లు అందినా రాలేదని రాసుకుని, కొన్ని వాయిదాల తరవాత ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేశారు. చెరువూ మెరకా రెండూ గూడెం ఆయనవే అయ్యాయి. నాకు ఆ సంగతే తెలీదు. నా వరకూ అది ఆ నెల చేసిన అనేక సర్వీసుల్లో ఒకటి.

తరవాత స్వాధీనం కోసం మనుషులు వెళ్లి చెరువు చుట్టూ కర్రలు పాతుతుంటే అప్పుడు తెలిసిందట ఆవిడకి, తన మీద ఒక దావా పడిందనీ, అది అయిపోయిందనీ, తను ఓడిపోయిందనీ. ఏడుస్తూ ఒక ముసలి ప్లీడరు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన కోర్టులో ఎక్కువసేపు కునుకు తీస్తూ కనిపించేవారు కానీ, కళ్లు తెరిస్తే మాత్రం ఎదుటివాడు జాగ్రత్తగా ఉండాలి. డిక్రీ రద్దు చేసి మా వాదన వినండి, మాకు సమన్లే రాలేదు అని పిటిషన్ వేశారు. అప్పటికి కొత్తగా వచ్చిన జడ్జిగారు ఒక చిన్న వయసు ఆవిడ. ఆ పిటిషన్ చదివి, "ప్రాసెస్ సర్వర్‌ని పిలవండి, బోనులో విచారిస్తాను" అన్నారు.

ఆ మాట విని మా గదంతా గుప్పుమంది. మా పైన నాజరు గారు ఉండేవారు. సమన్లన్నీ మాకు పంచేదీ, మా రిపోర్టులు చూసేదీ ఆయనే. పెద్దమనిషి, కోపిష్టి కాదు. నన్ను పక్కకి తీసుకెళ్లి, "ఏమయ్యా, వెళ్లావా లేదా అని నేను అడగను. అడిగితే నువ్వు చెప్పాలి, చెప్తే నేను వినాలి. అంటించానని ఒక్క మాట చెప్పి దిగు. నువ్వు వెళ్లలేదన్నావంటే నీ ఒక్కడి సంగతి కాదు, మన గదిలో అందరి రిపోర్టులూ తిరగేస్తారు. నీకింకా తొమ్మిదేళ్ల సర్వీసుంది, ఆడపిల్ల చదువుంది" అన్నారు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముంది? తలూపాను. కానీ నాకొక భయం పట్టుకుంది. ముసలి ప్లీడరు గారు ఊరుకునే రకం కాదు. తలుపు ఏ రంగు, టేకుదా వేపదా, ఒక రెక్కా రెండు రెక్కలా అని అడిగితే? అందుకని ఒక గొప్ప ఆలోచన చేశాను. ముందుగా వెళ్లి ఆ తలుపు చూసి వస్తే, అబద్ధం పక్కాగా చెప్పొచ్చు కదా! ఇంతకాలం నిజంగా వెళ్లాల్సినప్పుడు వెళ్లనివాణ్ణి, అబద్ధం కోసం ఆదివారం పూట సెలవు పాడుచేసుకుని బయలుదేరాను. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో దిగాను. మోకాలు లోతు కాదు, చీలమండ దాకా వచ్చింది.

దోనె నడిపినాయన ఇల్లు చూపించాడు. తాటాకు ఇల్లు. ముందర గుంజలకి వల ఆరేసి ఉంది. పక్కన ఎండు చేపల వాసన. నేను తలుపు కోసం చూశాను. ఎదురుగా లేదు, పక్కకి వెళ్లి చూశాను, లేదు. లోపలికి వెళ్లే చోట పైనుంచి ఒక పాత వల నాలుగు మడతలు వేసి వేలాడదీసి ఉంది, కుక్కలు రాకుండా. ఆ ఇంటికి తలుపే లేదు. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. తలుపు లేని ఇంటికి తాళం కూడా వేయించాను నేను!

ఆ వల పక్కకి తీసుకుని ఆవిడ బయటికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో, ఎండకి నల్లబడిన మనిషి. "ఎవరండీ? ఎవరి కోసవండీ?" అంది.

ఏం చెప్పను? "ఇటు పని మీద వచ్చానమ్మా. దాహం వేసింది" అన్నాను. దాహం మాత్రం నిజమే.

"అయ్యో, కూకోండి" అని నులక మంచం వాల్చింది. బిందెలోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "తాగండి, పర్లేదు, పెదపాడు నుంచి తెచ్చిన నీళ్లేనండీ. మా లంకలో నీళ్లు నోట్లో పెట్టుకోలేం. పడవ మీద తెచ్చుకుంటాం" అంది. నేను సగం తాగి ఆపాను. "మొత్తం తాగండి బాబూ" అని ఇంకొంచెం పోసింది.

ఏ ఊరని అడిగింది. ఏలూరన్నాను. ఏలూరనగానే ఆవిడ మొహంలో ఆశ కనిపించింది. "అయితే మీకు కోర్టు సంగతులు తెలుస్తాయాండీ? నా మీద దావా ఏసేరండి. నాకు తెలీకండానే అయిపోయిందంట. ఎవరో అమీనా గారొచ్చి తలుపుకి కాగితం అంటించారని రాసుందంటండీ. మా ఇంటికి తలుపేదండీ? పాపం ఆయనెవరో ఇల్లు తెలవక ఇంకెవరింటికో ఎల్లుంటారు. లంకంతా ఇల్లిల్లూ తిరిగి అడిగేనండీ, మీ తలుపుకేవన్నా కాగితం అంటించేరా అని. ఎవరూ సూళ్లేదంట. గాలికి కొట్టుకుపోయుంటాది" అంది.

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. దొంగవెధవ, టీకొట్టు దగ్గర కూర్చుని రాసి ఉంటాడు అని ఉంటే నేనూ లోపల ఒక మాట అనుకుని నిబ్బరంగా ఉండేవాణ్ణి. కోర్టు మనిషి అబద్ధం రాస్తాడన్న ఊహే ఆవిడకి లేదు. పాపం ఆయనెవరో అంది. ఆ కాగితం కోసం ఇల్లిల్లూ తిరిగింది, కాలవలో చింపి పారేసిన కాగితం కోసం. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గ్లాసు అక్కడ పెట్టి, వస్తానమ్మా అని లేచి వచ్చేశాను.

ఇంత జరిగాక నిజం చెప్పాలని నిశ్చయించుకుని ఉంటానని అనుకుంటున్నారేమో. లేదు. నిజంగా లేదు. తిరుగు బస్సులో నా బుర్ర ఇంకో దారి పట్టింది. తలుపు లేదు సరే, ఆ వేలాడే వలకే పుల్లతో గుచ్చాను అని చెబుతాను. తలుపు అని రాయడం అలవాటు పొరపాటంటాను. ఇంట్లో బాగా కనిపించే చోట ఎక్కడ పెట్టినా రూలు ఒప్పుకుంటుంది. వల సంగతి ఇల్లు చూడనివాడికి తెలీదు కదా, కనుక నమ్మి తీరతారు. వెళ్లి చూసి రావడం వల్ల నా అబద్ధానికి బలం వచ్చిందే తప్ప తగ్గలేదు. నాజరు గారికి చెబితే "శభాష్, అదీ బుర్రంటే" అన్నారు.

విచారణ రోజు వచ్చింది. డఫేదారు నా పేరు పిలిచాడు. ఎన్నో ఊళ్లు తిరిగి ఎందరినో ఆ బోను ఎక్కించినవాణ్ణి, ఆ రోజు నేనే ఎక్కాను. ప్రమాణం చేశాను. గూడెం ఆయన ముందు వరసలో తెల్ల చొక్కాతో కూర్చున్నాడు. లంక ఆవిడ వెనక బల్ల మీద, చెంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. నన్ను చూసింది. ఒక్క క్షణం పోల్చుకోలేదు. తరవాత ఆవిడ మొహం విప్పారింది. ముందుకి వంగి ముసలి ప్లీడరు గారితో మెల్లగా చెప్పాననుకుంది కానీ ఆ హాల్లో అందరికీ వినపడింది. "ఈయన మనోడేనండీ. మొన్న మా ఇంటికొచ్చి మంచినీళ్లు తాగేరు. మంచోరండీ."

నేను తన తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చానని అనుకుంది ఆవిడ.

ముసలి ప్లీడరు గారు కళ్లు పూర్తిగా తెరిచారు. ఆయన చేతిలో తలుపు గురించి రాసుకున్న ప్రశ్నలు ఓ పేజీ ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టేశారు. లేచి, ఎంతో మర్యాదగా, "ఏవండీ, ఈవిడ ఇంటికి మీరు ఎప్పుడు వెళ్లారండీ?" అన్నారు.

వల, పుల్ల, అలవాటు పొరపాటు, అన్నీ నాలిక చివర ఉన్నాయి. ఆవిడ నా వైపు చూస్తూ, చెప్పండి బాబూ అన్నట్టు తలాడించింది.

"మొన్న ఆదివారమండీ" అన్నాను.

"అంతకు ముందు?"

"వెళ్లలేదండీ."

గూడెం ఆయన ప్లీడరు గభాల్న లేచి, సాక్షి కంగారు పడుతున్నాడు, మరోసారి అడగండి అన్నాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆయన్ని కూర్చోమన్నారు. "మరి ఈ రిపోర్టు ఎక్కడ రాశారు?" అని నన్నడిగారు.

"గట్టు మీద టీకొట్టు దగ్గరండీ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. కలం ఆపి, "మీరు చెప్పేది నేను రాసుకుంటున్నాను. దీనివల్ల మీ ఉద్యోగానికి ఏమవుతుందో తెలుసు కదా? ఆలోచించుకుని చెప్పండి" అన్నారు. తెలుసండీ అన్నాను. ఆవిడ రాశారు. నేను బోను దిగాను. లంక ఆవిడ వైపు చూడలేకపోయాను. బల్ల పక్కనుంచి వెళుతుంటే మాత్రం ఆవిడ "అయితే మీరేనాండీ ఆ అమీనా?" అంది. కోపం లేదు ఆ గొంతులో, ఆశ్చర్యం ఉంది. అది ఇంకా బాధగా తగిలింది.

డిక్రీ రద్దయింది, దావా మళ్లీ మొదటికి వచ్చింది. నా సంగతి జిల్లా జడ్జిగారికి రాశారు. నన్ను సస్పెండ్ చేశారు. ఆ పైన ఎంక్వయిరీ, ఇంక్రిమెంట్లు ఆపడం, సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ "ముందా చెప్పులు బయట పారేసి లోపలికి రండి" అంది. గదిలో వాళ్లకి నా మీద మండిపోయింది. ఒకాయన అయితే, "నీకు పుణ్యం కావాలంటే ద్వారకా తిరుమల వెళ్లి గుండు గీయించుకోవాల్సింది, మా అందరి గుండ్లూ గీయించావెందుకు?" అన్నాడు. నిజంగానే అందరి రిపోర్టులూ తిరగేశారు. ఇంకో ఇద్దరు ఇరుక్కున్నారు. వాళ్లలో ఒకడు చనిపోయేదాకా నాతో మాట్లాడలేదు.

సస్పెండైన వారంలో జడ్జిగారి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను. "అమ్మా, నేను నిజం చెప్పాను. నిజం చెప్పినందుకే నా ఉద్యోగం మీదికి వచ్చింది" అన్నాను.

"నిజం చెప్పినందుకు కాదండీ, వెళ్లనందుకు" అన్నారు ఆవిడ. "మీరు కోర్టు మనిషి కదా అని వదిలేస్తే, రేపు ఆ లంక ఆవిడ నా ముందు నిలబడి న్యాయం అడుగుతుంటే ఆవిడ మొహం ఎలా చూడను?"

అప్పుడు నాకు ఒళ్లు మండింది, దాచడమెందుకు. మా అమ్మాయి కంటే ఓ పదేళ్లు పెద్దదేమో, నాకు నీతులు చెబుతోంది అనుకున్నాను. మెట్లు దిగుతూ గొణుక్కున్నాను కూడా. ఆవిడ చెప్పింది అర్థం కావడానికి ఏడాది పట్టింది. మనిషికి చెప్పకుండా, ఆ మనిషి మాట వినకుండా, ఆ మనిషి మీద ఏదీ చేయకూడదు. చెప్పాల్సినవాడు చెప్పకపోతే, వాడు కోర్టు వాడైనా సరే అదే బోను ఎక్కాలి. మా మనవరాలు అడిగిన నాలుగు పాయింట్లలో నాకు తెలిసిన పాయింటు ఇదే. మిగతా మూడూ పుస్తకంలో చూసుకోమన్నాను.

ఇక దావా సంగతి. ఈసారి లంక ఆవిడ ప్రతి వాయిదాకీ వచ్చింది. తెల్లారకుండానే దోనె, ఆపైన ఆటో, ఆపైన బస్సు. నేను మళ్లీ డ్యూటీలో చేరాక వరండాలో కనబడేది. మొదట్లో నేను తప్పుకు తిరిగేవాణ్ణి. ఒకరోజు తనే పిలిచి, "ఏవండీ, కోర్టోరు ఇయాల పిలుస్తారంటారా?" అని అడిగింది. అప్పట్నించీ వాయిదా తేదీ చూసి చెప్పడం నా పనైంది.

ఆవిడ సాక్ష్యం రోజు నేను గుమ్మం పక్కన నిలబడి విన్నాను. ముసలి ప్లీడరు గారు ముందే బోధించి పెట్టారు. సంతకం చూపిస్తే నాకు తెలీదను, అంతకుమించి మాట్లాడకు అని. అగ్రిమెంటు కాగితం ఆవిడ చేతికి ఇచ్చారు. ఈ సంతకం ఎవరిది అన్నాడు గూడెం ఆయన ప్లీడరు. ఆవిడకి చదువు రాదు. కానీ ఆ సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"మా ఆయనదేనండీ" అంది.

ముసలి ప్లీడరు గారు నుదురు కొట్టుకున్నారు. అవతలి ప్లీడరు ఇంక చాలన్నట్టు కూర్చోబోయాడు. ఆవిడ మాత్రం ఆగలేదు. "ఆయనకి జబ్బు సేసినప్పుడు రాసిచ్చేడండీ. నేను పక్కనే ఉన్నాను. చెరువుకి రాసిచ్చేడు. ఇల్లున్న మెరకకి రాయలేదండీ. మెరక మాత్రం నీకుంటాదే అన్నాడు" అంది.

జడ్జిగారు అగ్రిమెంటు తీసి ఒక పక్క, దావా కాగితం తీసి ఇంకో పక్క పెట్టుకుని, వేలితో ఒక్కో వరసా చూసుకుంటూ చదివారు. అగ్రిమెంటులో చెరువు హద్దులే ఉన్నాయి. దావాలో ఆ హద్దులు కాస్త జరిగి మెరకని కూడా లోపలేసుకున్నాయి. మొదటిసారి డిక్రీ అయినప్పుడు ఈ తేడా ఎవరి కంటా పడలేదు. చూపించే మనిషి హాల్లో లేదు కదా.

బయట కుళాయి దగ్గర ఆవిడ కాళ్లు కడుక్కుంటుంటే నేను ఉండబట్టలేక అడిగాను. "ఎందుకమ్మా సంతకం ఒప్పుకున్నావు? తెలీదంటే పోయేదిగా. చెరువు పోతుంది తెలుసా?"

"తెలుసండీ. కానీ సంతకం ఆయనదే కదండీ" అంది. "ఆయన సేసింది కాదంటే ఎలాగండీ? పోతే పోద్ది. అప్పుడు నాకు సెప్పకుండా పోయింది. ఇప్పుడు పోతే ఎందుకు పోయిందో నాకు తెలుసు."

తీర్పు అలాగే వచ్చింది. చెరువు గూడెం ఆయనకి, మెరకా ఇల్లూ ఆవిడకి. గూడెం ఆయన మొహం మాడ్చుకుని వెళ్లాడు. ఆవిడా సంతోషంగా లేదు. చెరువు పోతే తిండెలా అన్న దిగులు ఎవరికి ఉండదు? ఇక వేరేవాళ్ల చెరువుల్లో కూలికి వెళ్లాలి అంది.

కొన్నాళ్లకి తీర్పు నకలు తీసుకోవడానికి వచ్చింది. కాగితాలు చేతిలో పట్టుకుని, వరండాలో నా దగ్గరికి వచ్చి, "ఇందులో ఏటి రాసుందో సదివి సెప్తారాండీ?" అంది. ఇంగ్లీషులో ఉంది. కోర్టులో ఇన్నేళ్లు అరిగిపోయాను కాబట్టి, నాకొచ్చిన తెలుగులో ఒక్కో వాక్యం చెప్పుకుంటూ వచ్చాను. వాది ఇలా అన్నాడు, ప్రతివాది ఇలా అంది, ఫలానా కాగితం చూశాం. ఆవిడ మెట్టు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది. చివరి పేజీకి ముందు పేజీలో ఒక వాక్యాన్ని ముందు లోలోపల చదువుకుని, ఆ తరవాత పైకి చెప్పాను. "తనకు నష్టమని తెలిసి కూడా భర్త సంతకాన్ని ఒప్పుకున్న ఈ సాక్షి, మెరక అమ్మలేదని చెప్పినప్పుడు ఆమె మాట నమ్మకపోవడానికి ఈ కోర్టుకు ఏ కారణమూ కనిపించలేదు" అని ఉంది.

ఆవిడ తలెత్తింది. "ఈ సాక్షి అంటే నేనాండీ?"

"నువ్వేనమ్మా."

"నేను సెప్పింది రాసేరాండీ అందులో?"

"రాశారమ్మా."

ఆవిడ జరిగి నా పక్కకి వచ్చి, ఆ వాక్యం ఎక్కడుందో చూపించమంది. చూపించాను. చెంగుతో చెయ్యి తుడుచుకుని, ఆ వరస మీద వేలు పెట్టింది.

"మళ్లీ సదవండి" అంది.